మా మేనత్తకు నేనిచ్చిన అనుమతి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈ సంగతి మా బృందంలో అందరికీ తెలుసు. మైకు సరిగ్గా పెట్టకపోయినా అరుస్తాను, చాయ్ చల్లారినా అరుస్తాను. కానీ ఈ పాట విషయంలో ఎవరి మీద అరవాలో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. రాస్తే తెలుస్తుందేమోనని రాస్తున్నాను.

నాది జనగామ. ప్రభుత్వ కళాబృందంలో పాడటం ఉద్యోగం. పాట ఆఫీసు నుంచి టైపు చేసి వస్తుంది. పథకం పేరు ఎన్నిసార్లు రావాలో అన్నిసార్లు వచ్చేటట్టే రాసి ఉంటుంది. మేము గజ్జె కట్టుకొని, డప్పు పట్టుకొని ఊరూరా పాడి వస్తాం. ఒకప్పుడు ఇదే గొంతుతో, ఇవే బాణీలతో సర్కారును తిట్టాం. రాష్ట్రం వచ్చాక సర్కారే జీతమిచ్చి పాడించుకుంటోంది. ఇది మంచిదా చెడ్డదా అంటే చెప్పలేను. జీతం పడ్డ రోజు మంచిదే అనిపిస్తుంది. పథకం పేరు మారిందని పాత పాటలోనే కొత్త పేరు ఇరికించి పాడమన్న రోజు ఒళ్లు మండుతుంది.

అయితే నాకు పాట వచ్చింది ఆఫీసు నుంచి కాదు. మా మేనత్త దగ్గర నుంచి. ఆమె మొగుళ్లపల్లి దగ్గర ఒక పల్లెలో ఉంటుంది. డెబ్బై దాటి ఉంటాయి, లెక్క ఆమెకూ తెలియదు. చిన్నప్పుడు వానాకాలంలో నన్ను వాళ్ల ఊరికి పంపేవాళ్లు. నాట్లలో ఆమె వెనకాల బురదలో తిరుగుతూ పాటలన్నీ పట్టుకున్నాను. ఇప్పటికీ నాట్లప్పుడు ఆమెను పిలుస్తారు. నడుము వంగక ఎక్కువ నారు నాటలేదు. అయినా పిలుస్తారు, ఎందుకంటే ఆమె పాడితే మునుం తొందరగా నడుస్తుంది. మునుం అంటే వరసగా నిలబడ్డ ఆడవాళ్లంతా కలిసి ఒక పట్టున నాటుకుంటూ పోయే మేర.

ఆమె పాటల్లో ఒకటి మబ్బును పిలిచే పాట.

గట్టు మీద నిలవడ్డ మబ్బు సిన్నదానా,
మా నాటు ఒడిసెదాక కురువకే సిన్నదానా.

ఒడిసెదాక అంటే అయిపోయేదాకా. ఆ తర్వాతి చరణంలో ఫలానా ఆమె వెనకబడ్డది, దిగొచ్చి చెయ్యందియ్యవే అని మబ్బును అడుగుతారు. ఆ ఫలానా చోట ఒక పేరు పడుతుంది. ఆ రోజు మునుంలో ఎవరు వెనకబడితే వాళ్ల పేరు. పేరు పడిందంటే మిగతా వాళ్లంతా గొల్లున నవ్వుతారు, ఆమె సిగ్గుపడి చేతులు గబగబా ఆడిస్తుంది. ఇంకో ఆమె వెనకబడుతుంది, పేరు మారుతుంది. పేరుతో పాటు చరణం సాగుతుంది, ఒక్కోసారి బాణీ కూడా కొంచెం వంగుతుంది. మా మేనత్త ఆ పాటను ఒకే తీరుగా రెండుసార్లు పాడగా నేను వినలేదు.

కొన్నేళ్ల కింద మహబూబాబాద్‌లో ఒకాయన స్టూడియో పెట్టాడు. అంతకుముందు పెళ్లిళ్ల వీడియోలు తీసేవాడు. జానపదాలకు ఫోన్లలో గిరాకీ వచ్చిందని చూసి ఆ దారి పట్టాడు. మా బృందం కురవిలో పాడినప్పుడు నా గొంతు విన్నాడు. మనిషి మంచివాడే. "అక్కా, ఆఫీసు పాటలు ఎన్నిరోజులు పాడుతవ్? నీ దగ్గర ఊరిపాట ఒక్కటన్న లేదా?" అన్నాడు. ఎందుకు లేదు, నా దగ్గర లేనిదేంది అని ఎగిరి గంతేశాను. మబ్బు పాట పాడాను.

రికార్డింగుకు ముందు రెండు సంగతులు తేలాల్సి వచ్చింది. ఒకటి, పాటలో పేరు. "వెనకబడ్డ ఆమె పేరు ఒక్కటే ఉండాలె అక్కా. తీరుకొక్క పేరు పెడితే జనం ఎట్ల గుర్తుపెట్టుకుంటరు?" అన్నాడు స్టూడియో ఆయన. మా ఊళ్లో ఎవరికీ లేని, వినడానికి సొంపుగా ఉన్న పేరు ఒకటి వెతికి పెట్టాం. రెండోది, ఫారం. అందులో గీత రచయిత అని ఒక గడి. సంప్రదాయం అని రాయబోతే ఆయన చెయ్యి పట్టుకున్నాడు. అట్లా రాస్తే ఎవరుపడితే వాళ్లు పాడి పెట్టుకుంటారు, మన కష్టానికి కాపలా ఉండదు, ఎవరో ఒకరి పేరు రాయాల్సిందే అన్నాడు. నాకు ఆ మాట న్యాయంగానే తోచింది. ఫారం పట్టుకొని మొగుళ్లపల్లి బస్సెక్కాను.

మా మేనత్త నా మాటంతా విని, చేతిలో చాట పక్కన పెట్టి, "నా పేరు రాస్తవా? సిగ్గులేదా నీకు?" అంది.

"నువ్వు నేర్పిన పాటనే కదా అత్తా."

"నేర్పితే? నేనొక్కదాన్నే కట్టిన్నా? ఒక మాట మా అవ్వది, ఒక మాట పక్కింటామెది. నిరుడు చచ్చిపోయిన ముసల్ది లేదూ, మబ్బును సిన్నదానా అన్నది ఆమెనే. ఇప్పుడు నా పేరు రాసుకుంటే రేపు మునుంల నా పక్క నిలవడెటోళ్లు ఏమనుకుంటరు? పాట మింగిందంటరు. వద్దంటే వద్దు."

"మరి ఎవరి పేరు రాయాలె?"

"నీదే రాసుకో. నువ్వు పట్నపుదానివి, నిన్నెవరేమంటరు?"

మా దిక్కు పాట పాడే ఆడవాళ్లలో ఈ గుణం ఉంది. ఎవరి పాట అని అడిగితే పక్కామెను చూపిస్తారు. పక్కామె ఆ పక్కామెను చూపిస్తుంది. నాది అని అనడం కంచంలో అందరి కూడూ తానే తిన్నట్టు లెక్క. నేనూ ఆ మునుంలోంచి వచ్చినదాన్నే కనుక నా పేరు రాసేటప్పుడు కొంచెం సిగ్గనిపించింది. కానీ ఎక్కువ కాదు. బస్సులోనే, మోకాలి మీద ఫారం పెట్టుకొని, ఆ గడిలో నా పేరు రాసి సంతకం పెట్టాను.

పాట అందుకుంది. అట్లా ఇట్లా కాదు. పెళ్లి బరాతుల్లో డీజేల మీద మోగింది, ట్రాక్టర్లలో మోగింది, కురవి జాతరలో రంగులరాట్నం దగ్గర మోగింది. మా యాసను ఒకప్పుడు సినిమాల్లో నవ్వులాటకు పెట్టిన కోస్తా దిక్కు నుంచి కూడా ఫోన్లు వచ్చాయి, అక్కా భలే పాడారండీ అని. హైదరాబాద్‌లో ఒక మ్యూజిక్ కంపెనీ వాళ్లు స్టూడియో ఆయన దగ్గర పాట కొనుక్కున్నారు. దానికి నేను ఇంకో కాగితం మీద సంతకం పెట్టాను. చదివానా అంటే చదివాను. అర్థమైందా అంటే, ఇంగ్లీషు. మేనత్తకు ఫోన్ చేసి చెబితే, "మన పాట జాతరల మోగిందా?" అని మూడుసార్లు అడిగింది. ఆ రోజు నేను ఎంత సంబరపడ్డానో చెప్పలేను.

గొడవ కిందటి వానాకాలం మొదలైంది. మేనత్త పక్కింటి కోడలు నాట్ల కాడ ఆమె పాడుతుంటే ఫోన్లో తీసి పెట్టింది. బురద, నవ్వులు, వెనకబడ్డ ఆమె పేరు అన్నీ ఉన్నాయి అందులో. వారం తిరగకముందే ఆ వీడియో ఎగిరిపోయింది. ఈ పాట వేరొకరి సొత్తు, మళ్లీ పెడితే మీ ఖాతానే మూసేస్తాం అని ఇంగ్లీషులో నోటీసు. ఆ పిల్ల హడలిపోయి తన ఫోన్ తీసుకొచ్చి మేనత్తకు చూపించింది. పల్లెలో మాట ఎట్లా పాకుతుందో తెలుసు కదా. సాయంత్రానికి ముసలామె మీద పోలీసు కేసు అయిందట అన్నారు.

నేను ఫోన్‌లో నవ్వేశాను. "మిషన్ పట్టుకుంటది అత్తా, మనిషి గాదు. నీకేం గాదు," అన్నాను.

"సొత్తు అని రాసిన్రట గదా. ఎవరి సొత్తు?"

"కంపెనోళ్లది."

"వాళ్లకు మబ్బు ఎక్కడ కనవడ్డది?" అంది.

ఈ లోపల ఇంకోటి జరిగింది. ఆ వీడియో ఎగిరిపోకముందే భూపాలపల్లిలో ఒక అధికారి కంట పడింది. జిల్లాలో జానపద ఉత్సవం పెడుతున్నారు, మరుగున పడ్డ కళాకారులను వేదిక ఎక్కించాలని పైనుంచి ఆదేశం. మా మేనత్తను పిలిచారు. ఆ మబ్బు పాటే పాడాలి అన్నారు. ఆమె జన్మలో వేదిక ఎక్కలేదు. నాకు ఫోన్ చేసి, "బిడ్డా, నన్ను కుర్చీల కూసోవెడ్తరట. కాళ్లు కడుక్కొని పోవాల్నా, చెప్పులు ఏసుకోవాల్నా?" అంది. ఆ గొంతులో అంత ఆశ నేనెప్పుడూ వినలేదు. కొత్త రవిక కుట్టించుకుంది. మునుంలో తనతో నిలబడేవాళ్లు పదకొండుమంది కూడా వస్తామని బయలుదేరారు. ఆమె ఆ పాట ఆ వేదిక మీద పాడాలి. నాకు అప్పుడు ఇంకేదీ ముఖ్యం కాలేదు.

ఉత్సవానికి పదిరోజుల ముందు భూపాలపల్లి ఆఫీసు నుంచి గుమస్తా ఫోన్ చేశాడు. ఆ పాట రిజిస్టరై ఉందట, హక్కుదారు నుంచి అభ్యంతరం లేదని కాగితం తెమ్మన్నాడు.

అయ్యో, ఇంతేనా అని పరకాల మీదుగా పోయి ఆ గుమస్తా ముందు కూర్చున్నాను. "సార్, ఆ పాట మా మేనత్తదే," అన్నాను.

ఆయన కంప్యూటర్ తిప్పి చూపించాడు. "గిక్కడ రచయిత అని మీ పేరున్నది గదమ్మా?"

"నా పేరే. కానీ పాట ఆమెదే."

"మరి మీరెందుకు రాసుకున్నరు?"

ఆ ప్రశ్నకు నా దగ్గర పొడుగాటి జవాబు ఉంది. మునుం సంగతి, సిగ్గు సంగతి, చచ్చిపోయిన ముసలామె సంగతి. చెప్పడం మొదలుపెట్టాను. ఆయన మధ్యలోనే వేరే ఫైలు తీశాడు. నేను గొంతు పెంచాను. ఆయన నీళ్లు తాగమన్నాడు. తాగాను.

మర్నాడు మహబూబాబాద్ రైలెక్కాను. స్టూడియో ఆయన పాపం నిజంగానే బాధపడ్డాడు. "అక్కా, నేను కంపెనీకి అమ్మింది రికార్డింగు. బురదల నిలవడి పాడే పాటను నేనెట్ల అమ్ముత?" అన్నాడు. మరి వీడియో ఎందుకు తీసేశారంటే, "అది మిషన్ పని," అన్నాడు. మిషన్‌కు ఎవరు చెప్పారంటే, "కంపెనోళ్లు." కంపెనోళ్లకు ఎవరిచ్చారంటే, నా వైపు చూసి తల దించుకున్నాడు. తిట్టడానికి వెళ్లినదాన్ని ఆయన పెట్టిన ఉప్మా తిని వచ్చేశాను.

జనగామలో మా వీధి చివర ఒక వకీలు సాబ్ ఉన్నాడు. భూతగాదాలు చూస్తాడు కానీ తెలివైనవాడు. ఆయన అంతా విని చట్టం పుస్తకం తెరిచాడు. "పాట అంటే ఒక్కటి గాదమ్మా. మాట వేరు, బాణీ వేరు, రికార్డింగు వేరు. మూడింటికి ముగ్గురు యజమానులు ఉండొచ్చు. ఊరిపాటకైతే యజమానే ఉండడు, ఎవరైనా పాడుకోవచ్చు."

"హమ్మయ్య! అయితే మా మేనత్త పాడొచ్చు కదా?"

"ఊరిపాట అయితే పాడొచ్చు. కానీ ఊరిపాట కాదు, నేనే రాసిన అని మీరు సంతకం పెట్టిన్రు గదా. ఇప్పుడు ఆమెదంటే మీరు అబద్ధం రాసినట్టు. మీదేనంటే ఆమె మిమ్మల్ని అడగాలె."

అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. ఆయనే మళ్లీ, "అయినా సర్కారు జరిపే అధికారిక కార్యక్రమంలో పాడితే ఎవరి అనుమతీ అక్కర్లేదు. పెండ్లి ఊరేగింపుకు కూడా అక్కర్లేదు. చట్టంలనే ఉన్నది," అన్నాడు. ఆ పేజీ ఫోటో తీసుకొని గుమస్తాకు పంపాను. గుమస్తా ఫోన్ చేసి, కార్యక్రమం సర్కారుదే గానీ ఖర్చు ఒక విత్తనాల కంపెనీ పెట్టుకుంటోంది, అప్పుడది అధికారికమో కాదో నాకు తెలియదు, కాగితం ఉంటే నాకు భయముండదు అన్నాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడు. మేనత్తకు దారిలో ఎవరిదన్నా పెళ్లి ఊరేగింపు ఎదురయితే బాగుండు, అందులో పాడించేదాన్ని అనుకున్నాను.

హైదరాబాద్ కంపెనీకి రాస్తే రెండు రోజుల్లో మర్యాదగా జవాబు వచ్చింది. వేదిక మీద పాడటానికి తమకు అభ్యంతరం లేదు, అయితే రచయిత్రి కూడా ఒప్పుకుంటున్నట్టు సంతకం చేయాలి అన్నారు. ఉత్తరం వాళ్లే తయారుచేసి పంపారు. గుమస్తా దాంట్లో తేదీ, వేళ, స్థలం కూడా వేయించాడు. ఆ ఒక్క రోజుకు, ఆ ఒక్క వేదికకు. నేను రచించిన ఈ గీతాన్ని పాడుటకు ఈమెకు అనుమతి ఇస్తున్నాను అని ఉంది అందులో. ఈమె అంటే నాకు మాట కంటే ముందు పాట నేర్పిన మనిషి. చారాణా కోడికి బారాణా మసాలా అని నన్ను నేనే తిట్టుకొని సంతకం పెట్టాను. ఇంకో దారి కనబడలేదు. ఉందేమో, నాకు తెలియలేదు.

ఉత్సవం రోజు మేనత్త కొత్త రవికతో కుర్చీలో కూర్చుంది. వ్యాఖ్యాత మైకు పట్టుకొని, రచయిత్రి గారి అనుమతితో ఈ గీతాన్ని ఆలపిస్తారు అని చదివాడు. చప్పట్లు కొట్టారు. ఆమె నా వైపు తిరిగి చూసింది. కోపంగా కాదు. ఏదో కొత్త సంగతి తెలిసినట్టు చూసింది. తర్వాత నిలబడి పాడింది. వెనకబడ్డ ఆమె పేరు దగ్గర మేము స్టూడియోలో పెట్టిన పేరే పాడింది. ఎదురుగా కూర్చున్న పదకొండుమంది నవ్వుదామని ఆగి, నవ్వకుండా ఉండిపోయారు. ఎవరి పేరూ రాలేదు కదా. శాలువా కప్పారు. దిగి వచ్చాక, "తప్పేం పోలేదు గదా?" అని అడిగింది. బాగా పాడినవ్ అత్తా అన్నాను. ఏడుపొచ్చింది. దాన్ని సంతోషమనుకున్నారు అందరూ.

వేదిక ఎక్కేముందు గుమస్తా చదివి వినిపించిన ఆ కాగితం ఆమెకు ఎట్లా అర్థమైందో నేను అడగలేదు. అడగాల్సింది. మా బృందానికి కొత్త పథకం పాటలు వచ్చాయి, ఊళ్లు తిరుగుతూ ఏడాది గడిపేశాను. ఫోన్ చేసినప్పుడల్లా మోకాళ్ల నొప్పులు, వానలు, బర్రె ఈనిన సంగతి మాట్లాడుకున్నాం.

ఈ వానాకాలం నాట్లు పడ్డ నాలుగో రోజు పొద్దున పక్కింటి కోడలు ఫోన్ చేసింది. "అక్కా, ముసలామె మూడొద్దుల సంది పాడుతలేదు. అడిగితే ఊకుంటున్నది. మునుం నడుస్తలేదు. ఇగో, నీతోని మాట్లాడుతదట," అంది. నీళ్ల చప్పుడు వినిపిస్తోంది. ఎవరో దగ్గారు.

మేనత్త గొంతు మెల్లగా వచ్చింది. అంత మర్యాదగా ఆమె నాతో ఎన్నడూ మాట్లాడలేదు.

"బిడ్డా, పనిల ఉన్నవా? వీళ్లు మబ్బు పాట పాడుమంటుండ్రు. నీకేమన్న అయితదేమో అని అడుగుతున్న."

"పాడు అత్తా! నన్నెందుకు అడుగుతవ్? అది నీ పాట! పాడు!" అని అరిచాను. బస్టాండులో జనమంతా నా వైపు తిరిగారు.

నన్ను మళ్లీ ఇబ్బంది పెట్టొద్దని ముందే అడిగి పెట్టుకుంటున్నట్టు, మా మేనత్త అంది.

"ఈ ఒక్క మడికేనా బిడ్డా, నాట్లు ఒడిసెదాక పాడుకోవచ్చా?"